చిన్న ట్రిమ్ సాతో రాయి, గాజు కోయడం ఎలా?

ఏట్లో ఏరుకొచ్చిన గులకరాయిని రెండు ముక్కలు చేసి లోపలి చారలు చూడాలని ఉంది, ఏ మిషన్ కొనాలి? సీసా అడుగు గాజుతో లాకెట్ చేద్దామంటే కోయగానే పగిలిపోతోంది, ఏం చేయాలి? కొత్త బ్లేడు వేశాను, రెండు రాళ్లకే కోయడం మానేసింది, ఎందుకు? ఈ మూడు ప్రశ్నలే మళ్లీ మళ్లీ వస్తున్నాయి. జవాబులన్నీ ఒకచోట ఉంటే మీకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. నాలుగు నుంచి ఏడంగుళాల డైమండ్ బ్లేడు, కింద నీళ్ల తొట్టి, పైన చిన్న బల్ల ఉండే మిషన్లన్నిటికీ ఇది వర్తిస్తుంది.

పని మొదలుపెట్టే ముందు ఒక్కటి తెలుసుకోండి. ఈ బ్లేడుకు పళ్లు ఉండవు. అంచులో పొదిగిన వజ్రపు రవ్వలు, సాన మీద గంధం తీసినట్టు, రాయిని అరగదీస్తాయి. గట్టిగా నెడితే త్వరగా తెగుతుందనే లెక్క ఇక్కడ చెల్లదు. నెట్టే కొద్దీ బ్లేడు వంగుతుంది, గాటు పక్కకు పోతుంది, చివర్లో ముక్క చిట్లుతుంది. నన్ను అడిగే సమస్యల్లో చాలావాటికి మూలం ఇదే.

మిషన్ ఎంపిక

రత్నాలు, రాళ్ల పనికోసమే చేసిన ట్రిమ్ సా దొరికితే అదే మేలు. దాని బ్లేడు ఒక మిల్లీమీటరు కంటే పల్చగా ఉంటుంది, విలువైన రాయి పొడిగా పోదు. అది దొరక్కపోతే హార్డ్‌వేర్ షాపులో అమ్మే ఏడంగుళాల టైల్ కటింగ్ టేబుల్ మిషన్ తీసుకోండి. 180 మిల్లీమీటర్ల బ్లేడు, కింద తొట్టి, పైన స్టీలు బల్ల ఉంటాయి. దాని బ్లేడు కాస్త మందం కాబట్టి ప్రతి కోతకూ రెండు మిల్లీమీటర్ల దాకా రాయి పోతుంది. గులకరాళ్లకు, సీసా గాజుకు అది పెద్ద నష్టం కాదు.

నాలుగంగుళాల మార్బుల్ కట్టర్‌ను ప్లైవుడ్ చెక్క కింద తలకిందులుగా బిగించి వాడుతున్నామని కొందరు రాస్తున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఆ కట్టర్ నిమిషానికి 12,000 చుట్లకు పైగా తిరుగుతుంది. మామూలు టేబుల్ మిషన్ 3,000 లోపే తిరుగుతుంది. పైగా తలకిందులు చేస్తే నీళ్లు నేరుగా మోటారులోకి దిగుతాయి, బ్లేడుకు కాపు ఉండదు. రాళ్ల పని కోసం చేసిన పల్చటి బ్లేడును ఆ వేగంలో తిప్పితే అది తట్టుకోలేదు. ఏ బ్లేడు మీదైనా గరిష్ఠ వేగం రాసి ఉంటుంది, కొనేటప్పుడే మీ మిషన్ వేగంతో పోల్చుకోండి. బ్లేడు మధ్య రంధ్రం కొలత కూడా చూసుకోవాలి. మిషన్‌ది వేరే అయితే సరైన బుష్ (సందు పూడ్చే రింగు) వేయాలి. రంధ్రం వదులుగా ఉంటే కాగితం చుట్టి బిగించడం లాంటి సర్దుబాట్లు వద్దు.

కావలసినవి

- అంచు మొత్తం ఒకే చుట్టుగా, గాట్లు లేకుండా ఉన్న డైమండ్ బ్లేడు. గ్రానైట్ కోసే గాట్ల బ్లేడు చిన్న రాయిని ఎగరగొడుతుంది, గాజును ముక్కలు చేస్తుంది. రాయికి ఒకటి, గాజుకు సన్నరవ్వది ఒకటి ఉంటే హాయి. ఒక్కటే కొనగలిగితే సన్నరవ్వదే కొనండి.
- పక్కలు కూడా మూసుకునే కళ్లద్దాలు, ఎన్95 మాస్కు, ఇయర్ ప్లగ్స్, రబ్బరు ఏప్రాన్.
- ఎర్త్ సరిగా ఉన్న ప్లగ్గు, ఆ లైనులో 30 మిల్లీ ఆంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్). నీళ్లూ కరెంటూ పక్కపక్కన ఉండే పని ఇది. ఇంట్లో ఆర్‌సీసీబీ లేకపోతే మిషన్ కంటే ముందు అది పెట్టించండి.
- పాత ఎమరీ చక్రం ముక్క. బ్లేడుకు పదును తెప్పించడానికి.
- గీత గీయడానికి మొన తీసిన అల్యూమినియం తీగ, కొలవడానికి వెర్నియర్.
- రెండు బకెట్లు, స్పాంజి, పాత టూత్‌బ్రష్.

ఏది కోయొచ్చు, ఏది కోయకూడదు

చేయి తిరగడానికి తాండూరు నాపరాయి, కడప నాపరాయి ముక్కలు మంచివి. ఇల్లు కడుతున్న చోట అడిగితే ఊరికే ఇస్తారు. మెత్తటి సున్నపురాళ్లు కాబట్టి సాఫీగా తెగుతాయి, మీ గాటు నిటారుగా వస్తోందో లేదో వెంటనే కనబడుతుంది. ఆ తర్వాత కృష్ణా, గోదావరి గులకల్లో దొరికే అగేట్, జాస్పర్ అనే గట్టిరాళ్లు పట్టండి. ఉంగరాల షాపుల్లో హకీక్ అనేది ఈ అగేట్‌నే. గట్టిదనాన్ని ఒకటి నుంచి పది దాకా చెప్పే మోస్ కొలతలో వీటిది 6.5 నుంచి 7. సీసా గాజుది సుమారు 5.5. అంటే రాయి కొసతో పనికిరాని గాజు మీద గీస్తే గీత పడాలి. పడిందంటే కోత నెమ్మదిగా సాగుతుందని ముందే సిద్ధపడండి. ఖమ్మం వైపు దొరికే గార్నెట్లూ దాదాపు ఇంతే గట్టివి, కాకపోతే లోపల పగుళ్లు ఎక్కువ.

పీచు పీచుగా విడిపోయే రాయి ఏదైనా బ్లేడు దగ్గరికి తేకండి. పులివెందుల ప్రాంతంలో ఆస్‌బెస్టాస్ (పీలిస్తే ఊపిరితిత్తులను దెబ్బతీసే రాతి పీచు) తవ్విన గనులున్నాయి. అక్కడి ఆకుపచ్చ రాళ్లు చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి గానీ వాటి చారల్లో ఆ పీచే ఉండొచ్చు. రాగి, సీసం ఉన్న ఖనిజాలు, పల్నాడులోని అగ్నిగుండాల ఊరి వైపు దొరికేలాంటివి, ఇంట్లో కోసేవి కావు. ఆ బురద చేతులకూ నీళ్లకూ అంటుతుంది.

గాజులో టఫెన్డ్ గాజు (గట్టిదనం కోసం లోపల ఒత్తిడి ఉండేలా తయారుచేసినది) అస్సలు కోయలేరు. కారు పక్క అద్దాలు, షవర్ తలుపులు, చాలా ఫోన్ల స్క్రీన్ గార్డులు ఆ రకమే. బ్లేడు తగిలీ తగలగానే మొత్తం పిండి అవుతుంది. మూలన టఫెన్డ్ అని ముద్ర ఉందేమో చూడండి. ముద్ర లేకపోతే ఈ పరీక్ష చేయండి: ల్యాప్‌టాప్ తెరమీద తెల్లటి పేజీ పెట్టి, పోలరాయిడ్ చలువ కళ్లద్దాలు దాని ముందు పట్టుకుని తెర నల్లబడేదాకా తిప్పండి. ఇప్పుడు రెంటి మధ్యలో గాజు పెట్టండి. నల్లగానే ఉంటే మంచి గాజు. వెలుగు మచ్చలు, రంగులు కనిపిస్తే లోపల ఒత్తిడి ఉన్నట్టు. అలాంటి ముక్కను పక్కన పెట్టేయండి. ఇంట్లో కరిగించి పోసుకున్న గాజుకైతే ఈ పరీక్ష తప్పకుండా చేయాలి.

పని వరుస

1. చోటు. బట్టలుతికే చోటులా నీళ్లు పోయినా పర్వాలేని, గాలి ఆడే బయటి ప్రదేశం చూడండి. బల్ల ఊగకూడదు. మిషన్ కరెంటు తీగ ప్లగ్గు కంటే కిందికి వేలాడి తర్వాత పైకి వెళ్లాలి, అప్పుడు తీగ వెంట జారే నీళ్లు అడుగునే కారిపోతాయి, ప్లగ్గులోకి పోవు.

2. బ్లేడు బిగింపు. ముందు ప్లగ్గు తీసేయండి, స్విచ్ ఆఫ్ చేస్తే చాలదు. బ్లేడుకు రెండు పక్కలా ఉండే రేకు బిళ్లలను తుడవండి. వాటి మధ్య ఇసుక రేణువు ఇరుక్కున్నా బ్లేడు వంకర తిరుగుతుంది. బ్లేడు మీది బాణం గుర్తు మిషన్ తిరిగే వైపే ఉండాలి, అంచు పైనుంచి మీ వైపు వచ్చి బల్లలోకి దిగాలి. బిగించాక అంచు పక్కన ఒక పెన్సిల్ మొన కదలకుండా పట్టుకుని బ్లేడును చేత్తో తిప్పండి. మొనకూ బ్లేడుకూ మధ్య సందు చుట్టూ ఒకేలా ఉండాలి. ఒకచోట రాసుకుని ఒకచోట దూరం జరుగుతుంటే విప్పి, బిళ్లలు మళ్లీ తుడిచి బిగించండి. అయినా అంతే అయితే బ్లేడు వంగిందన్నమాట. దాన్ని కొట్టి సరిచేయాలని చూడకండి.

3. నీళ్లు. బ్లేడు అంచు సుమారు ఐదు మిల్లీమీటర్లు మునిగేలా పోయండి. తక్కువైతే అంచు పొడిబారి వేడెక్కుతుంది, ఎక్కువైతే మొహం నిండా చిమ్ముతుంది, మోటారు మీద భారం పడుతుంది. స్విచ్ వేసి చూస్తే బ్లేడు రెండు వైపులా పల్చటి తడి పొర మెరుస్తుండాలి. ఉత్త నీళ్లతో పని అవుతుంది. లేత్ మిషన్ల వాళ్లు వాడే, నీళ్లలో కలిసి తెల్లగా మారే కూలెంట్ ఆయిల్ డబ్బా మీద రాసిన పాళ్లలో కలిపితే బ్లేడు తుప్పు పట్టదు, గాజు అంచు ఇంకా శుభ్రంగా వస్తుంది. రంధ్రాలున్న మెత్తటి రాళ్లకు మాత్రం అది వద్దు, మరక దిగుతుంది. పాతకాలపు పద్ధతిలో డీజిలు, కిరోసిన్ పోసేవాళ్లున్నారు. చిన్న మిషన్లో, ఇంట్లో, అది నిప్పుతో చెలగాటం.

4. పదును. కొత్త బ్లేడైనా సరే ఎమరీ ముక్కలో రెండు మూడు గాట్లు పెట్టండి. ఎమరీ లేకపోతే ఎర్ర ఇటుక ముక్క. ఇలా చేస్తే రవ్వలను కప్పేసిన లోహపు పొర అరిగి కొత్త రవ్వలు బయటికొస్తాయి. అగేట్ లాంటి గట్టిరాళ్లు కోస్తుంటే ప్రతి నాలుగైదు కోతలకూ ఇది చేయాలి. "రెండు రాళ్లకే కోయడం మానేసింది" అన్నవాళ్లకు జవాబు చాలాసార్లు ఇక్కడే ఉంటుంది. బ్లేడు పాడవలేదు, మొద్దుబారిందంతే.

5. రాయి తయారీ. బ్రష్‌తో మట్టి లేకుండా కడగండి. తర్వాత నీళ్లలో ముంచి తీసి, పైన ఆరుతుంటే కళ్లార్పకుండా చూడండి. రాయంతా ఆరిపోయాక కూడా ఒక సన్నగీత తడిగా మిగిలితే అక్కడ పగులు ఉంది. ఆ పగులు గుండా కోతను పోనివ్వండి, లేదా దాన్ని వదిలేసిన వైపు వాడుకోండి. అగేట్ చారలు చుట్లుగా కనబడాలంటే చారలకు అడ్డంగా కోయాలి. గీత అల్యూమినియం తీగతోనే గీయండి. స్కెచ్ పెన్ను గీత నీళ్లకు పోతుంది, కొన్ని రాళ్లలోకి ఇంకి మరక మిగులుస్తుంది.

6. రాయికి పీట. గుండ్రటి గులకరాయిని వట్టి చేతుల్తో పట్టుకుని కోయడం ఈ పనిలో అన్నిటికంటే ప్రమాదం. సగం గాటులో రాయి దొర్లితే బ్లేడు ఇరుక్కుంటుంది, రాయి చేతిలోంచి ఎగురుతుంది, బ్లేడు శాశ్వతంగా వంగుతుంది. చిన్న చెక్క ముక్క మీద ఎం-సీల్ ముద్ద పెట్టి అందులో రాయిని కూర్చోబెట్టండి, గట్టిపడేదాకా ఆగండి. అప్పుడు చెక్క అడుగు బల్ల మీద సమంగా జరుగుతుంది, మీ వేళ్లు చెక్కను పట్టుకుంటాయి. రాయి పెద్దదైతే ఎం-సీల్ బదులు ప్లాస్టర్ ఆఫ్ పారిస్ చవక.

7. మీరు నిలబడే తీరు. బ్లేడుకు సరిగ్గా ఎదురుగా కాకుండా కాస్త పక్కకు. చున్నీ, వదులు చేతుల చొక్కా, చేతి గాజులు, విరబోసిన జుట్టు ఏవీ ఉండకూడదు. బట్ట గ్లౌజులు వద్దు, దారం చిక్కుకుంటే చేతిని లాగేస్తుంది. గాట్లు లేని బ్లేడు వేలును కోయదని ఎవరో చెబుతారు, నమ్మకండి. రాయిని అరగదీసేది చర్మాన్నీ అరగదీస్తుంది.

8. మొదటి గాటు. మోటారు పూర్తి వేగం అందుకున్నాకే రాయిని తాకించండి. ఆనీ ఆనకుండా ఆనించి, ఒక మిల్లీమీటరు గాటు పడేదాకా అలాగే ఉండండి. ఈ చిన్న గాటే మిగతా కోతకు దారి. ఇక్కడ వంకరపోతే చివరిదాకా వంకరే.

9. జరపడం. రెండు చేతులూ బల్ల మీద ఆనించి, ఒకే దిక్కులో, మోటారు శబ్దం మారకుండా జరపండి. చెవి పెట్టి వినండి. గొంతు తగ్గి మూలిగినట్టయితే మీరు ఎక్కువ నెడుతున్నారు, కాస్త వెనక్కి తీయండి. సైజును బట్టి అంగుళం అడ్డకొలత అగేట్‌కు రెండు మూడు నిమిషాలు పట్టినా అది ఆలస్యం కాదు. మధ్యలో దారి తప్పిందనిపిస్తే రాయిని తిప్పి సరిచేయాలని చూడకండి. బయటికి తీసి, రెండో వైపు నుంచి కొత్త గాటు పెట్టుకోండి. బ్లేడు నేరుగానే కోస్తుంది, వంపులు దాని పని కాదు. ఆకారం కావాలంటే మూలలు ఒక్కొక్కటిగా నేరుగా కోసి, మిగిలింది సానపట్టి తీయాలి.

10. చివరి మూడు మిల్లీమీటర్లు. ఇక్కడే అందరూ తొందరపడతారు, ఇక్కడే ముక్క విరిగి కొసన ముల్లులా పొడుచుకొస్తుంది. వేగం సగానికి తగ్గించి, రెండు ముక్కలనూ నిటారుగా పట్టుకుని, విడిపోయేదాకా అలాగే ఉండండి. విడిపోయాక వెంటనే చేయి వేయొద్దు, స్విచ్ ఆపి బ్లేడు పూర్తిగా నిలిచాక ముక్కలు తీయండి. రాయి మధ్యలో ఇరుక్కుపోతే కూడా అంతే: ఆపండి, ప్లగ్గు తీయండి, అప్పుడే కదిలించండి.

గాజుకు ఇంకా కొన్ని జాగ్రత్తలు

గాజు ముక్కను తొట్టిలోని నీళ్లలోనే పది నిమిషాలు ఉంచి తర్వాత కోయండి. ఎండలో పెట్టిన సీసాను తెచ్చి చల్లటి నీళ్లు చిమ్మే బ్లేడుకు ఆనిస్తే అది కోతకు కాదు, వేడి తేడాకు పగులుతుంది. కోసే గీతకు రెండు ముఖాలా టేపు అంటించండి. గీత మార్కరుతో గీసి పైన సెల్లో టేపు వేస్తే చెదరదు. రాయికి జరిపే వేగంలో సగం చాలు.

పల్చటి పలకకు అడుగు వైపు చిట్లడమే పెద్ద బెడద. దానికి మందు, పలకను పాత టైలు ముక్కకు జిగురు టేపుతో అంటించి రెంటినీ కలిపి కోయడం. ఇంకో దారి: చివర ఐదు మిల్లీమీటర్లు ఉండగా ఆపి, పలకను తిప్పి ఎదురు వైపు నుంచి కోసి మధ్యలో కలపడం.

నిండు సీసాను బ్లేడు మీదికి నెట్టకండి. ఆరంగుళాల బ్లేడు బల్ల పైకి లేచేది ఒకటిన్నర అంగుళం అటూ ఇటూ, సీసా అవతలి గోడ దాకా అందదు, ఇరుక్కుంటుంది. సీసాను బల్ల మీద పడుకోబెట్టి, అడుగు ఒక చెక్క ఆధారానికి తగిలించి, బ్లేడుకు గోడ మందం మాత్రమే తగిలేలా నెమ్మదిగా దొర్లిస్తూ చుట్టూ గాటు పెట్టాలి. సీసా ఆధారం నుంచి జరగకపోతే మొదలూ చివరా కలుస్తాయి. కోసిన అంచు చాలా పదును. ముట్టుకునే ముందే తడిపిన వాటర్ పేపర్ మీద 220, తర్వాత 400 నంబరుతో రుద్దండి.

కోత సరిగా వచ్చిందా?

ముక్కను కడిగి ఆరబెట్టి, ట్యూబ్‌లైటు వెలుగు ఏటవాలుగా పడేలా పట్టుకోండి. కోసిన ముఖం మీద సన్నటి సమాన గీతలు ఉంటే బ్లేడూ చేయీ రెండూ బాగున్నాయి. ఒకచోట మెట్టు కనిపిస్తే అక్కడ మీరు మధ్యలో తిప్పారు. లోతైన వంపు గీతలు వరసగా ఉంటే బ్లేడు ఊగుతోంది, రెండో అంచెలోని పెన్సిల్ పరీక్ష మళ్లీ చేయండి. ముఖం మధ్యలో బోర్లా ఉబికి ఉంటే లేదా గుంటగా ఉంటే ఒత్తిడి ఎక్కువై బ్లేడు వంగి కోసింది.

పలకలుగా కోస్తే వెర్నియర్‌తో నాలుగు మూలలా మందం చూడండి. లాకెట్ రాయికి ఐదారు మిల్లీమీటర్ల పలక సరిపోతుంది, మూలల మధ్య తేడా అర మిల్లీమీటరు లోపుంటే సానలో సర్దుకుంటుంది. అంతకు మించితే బ్లేడు పక్కన ఉండే ఆధారపు పట్టీ సమాంతరంగా లేదు. చివరిగా ఆ తడి పరీక్ష మళ్లీ చేయండి. కోతకు ముందు లేని తడిగీత ఇప్పుడు కనిపిస్తే పని చేస్తుండగా పడిన పగులు అది. దాని మీద సానపట్టే శ్రమ పెట్టకండి.

కోస్తుండగానే కొన్ని గుర్తులు చెబుతాయి. నిప్పురవ్వలు కనిపిస్తే అంచుకు నీళ్లు అందడం లేదు, వెంటనే ఆపండి. గాటులో చిక్కటి ముద్ద పేరుకుంటే తొట్టి నీళ్లు మార్చే వేళయింది. రాయి ముందుకు జరగదు, శబ్దం మాత్రం సన్నగా కీచుమంటోందంటే మళ్లీ ఎమరీ ముక్కే మందు.

పని అయ్యాక

అగేట్, జాస్పర్ రెండూ సిలికా ఉన్న రాళ్లు. గుజరాత్‌లో అగేట్ పనికి పేరుపడ్డ ఖంభాత్‌లో ఆ పొడి పీల్చిన పనివాళ్లకు సిలికోసిస్ వచ్చింది, ఊపిరితిత్తుల్లో ఒకసారి చేరిన ఆ దెబ్బ నయం కాదు. నీళ్లతో కోస్తున్నాం కదా అని మాస్కు తీసేయకండి, తుంపరలోనూ ఆ ధూళి ఉంటుంది. అసలు ప్రమాదం మరుసటి రోజు: బల్ల మీద, ఏప్రాన్ మీద ఆరిన తెల్లటి పొర. దాన్ని చీపురుతో ఊడవొద్దు, దులపొద్దు. తడి ఉండగానే స్పాంజితో తుడవండి. ఏప్రాన్‌ను అక్కడే బకెట్లో కడిగేయండి, ఇంట్లోకి తేవద్దు. పిల్లలు ఆడుకునే చోటికి ఆ నీళ్లు పారకుండా చూడండి.

నీళ్లను రాత్రంతా తొట్టిలో వదలకండి. పారబోసి, వట్టి బ్లేడును ఐదారు సెకన్లు తిప్పితే అంటుకున్న తడి విదిలిపోతుంది. తర్వాత ప్లగ్గు తీసి బ్లేడు తుడవండి. బురదనీళ్లు సింకులో, బాత్‌రూమ్ గొట్టంలో పోస్తే అది అడుగున సిమెంటులా గట్టిపడి పైపు మూసుకుపోతుంది. బకెట్లో ఒక రోజు కదపకుండా ఉంచండి. రాతిపొడి అడుక్కి చేరాక పైన తేరిన నీళ్లను మళ్లీ తొట్టిలోకే వాడుకోవచ్చు. అడుగు ముద్దను తడిగానే పాత ప్లాస్టిక్ సంచిలో వేసి గట్టిగా మూతికట్టి చెత్తలో వేయండి. గాజు కోసిన ముద్దను మాత్రం వేరే సంచిలో వేసి, పైన గాజు అని రాయండి. దాన్ని ఎత్తేవాళ్ల చేతులకు గ్లౌజులు ఉండకపోవచ్చు.